లాగిన్ కాగానే ఎర్రగడ్డలు

అర్ధవీడు బళ్లో సైన్స్ ప్రదర్శన. మెహతాబ్ బల్ల మీద సెలైన్ సీసాతో వంగమొక్కకు చుక్కనీరు పెట్టే ప్రాజెక్టు, బొమ్మలు చూపడానికి వాళ్ల నాన్న లాప్‌టాప్ ఉన్నాయి. హాజరు కూడా పక్కపిల్లకే వినపడనట్టు పలికే పిల్ల. ఈరోజు మార్కులు వేసే శ్యామలమ్మ మేడానికి నోరు తెరిచి ప్రాజెక్టు చెప్పాలి. చెప్పకపోతే సున్నా.

మెహతాబ్ లాప్‌టాప్‌లో లాగిన్ అయింది.

"గురవమ్మక్కా, ఎర్రగడ్డలో! యల్లమ్మత్తా, మొన్నటియి కావు, కొత్తయి!"

మెహతాబ్ అబ్బా బాబావలి ఊరూరా ట్రాలీ ఆటోలో ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, అమ్ముతాడు. పేరు పెట్టి పిలవందే ఆడవాళ్లు గడప దాటరని ఒక్కో ఊరికి ఒక్కో కేక రికార్డు చేసుకున్నాడు. ఆటో స్పీకరుకు తగిలించే ఆ లాప్‌టాప్‌లో ఉన్నది లైనక్స్. లాగిన్ కాగానే తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితాలో నాలుగూళ్ల కేకలూ చేర్చేశాడు. నాలుగూ ఒక్కసారే అరిచాయి.

"నలుగురు అబ్బాలు వచ్చినారు మే!" పక్కబల్ల మాధవి పడీపడీ నవ్వింది.

మెహతాబ్ గబగబా జాబితా తెరిచి నాలుగు టిక్కులూ తీసేసింది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయింది. చడీచప్పుడూ లేదు. హమ్మయ్య అనుకుంది.

అంత నిశ్శబ్దంగా ఉన్న బల్ల దగ్గరికి ఒక్కరూ రాలేదు. మేడం వచ్చి, మాధవి ప్రాజెక్టు అగ్నిపర్వతం పొగ చూసి, దగ్గుకుంటూ, అటునుంచి అటే గుమ్మం వైపు నడిచింది.

"మేడం," అంది మెహతాబ్. అది తనకే వినపడలేదు.

"గట్టిగ పిలువ్ మే, పోతాంది!" అంది మాధవి.

"నువ్వు పిలువ్."

"నాదైపోయింది. నాకేంది?"

మెహతాబ్ జాబితా మళ్లీ తెరిచింది. మేడంది గిద్దలూరు. గిద్దలూరు కేకకు టిక్కు పెట్టి, లాగౌట్ అయి, కళ్లు మూసుకుని లాగిన్ అయింది.

"శ్యామలమ్మత్తా! పోయిన తూరి కుళ్లినయి వచ్చినాయంట! ఈసారి నేనే ఏరి పెడతా, రా అత్తా!"

మేడం గుమ్మంలోనే ఆగి, గిర్రున తిరిగి వచ్చి బల్ల కిందికి వంగి చూసింది.

"బాబావలీ, ఏడున్నావయ్యా? రెండు కిలోలు తూయి!"

"ఎర్రగడ్డలు లేవు మేడం, వంగమొక్క ఉంది!" అబ్బా గొంతును మించాలని మెహతాబ్ కేకేసింది. అదే ఊపులో సీసాలో ఎంత నీళ్లు, నిమిషానికెన్ని చుక్కలు, వేరుకెట్ల చేరుతుంది అంతా చెప్పేసింది. మధ్యలో రికార్డు ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియదు.

మేడం ఒక చేత్తో చెవి మూసుకునే మార్కులు వేసింది.

"తెలిసింది తల్లీ, చాల్లే! ఇంగ మెల్లగ చెప్పు, నాకు చెవుడు లేదు!"