పై వరస పండు

నేను ఒక ఎర్ర వైనును. ఫ్రాన్సు దేశపు నైరుతి మూల, గయాక్ ప్రాంతంలో ఒక కొండవాలు మీద పుట్టాను. వైను అనగానే గాజుగ్లాసు గుండ్రంగా తిప్పి, అందులో ముక్కు దూర్చి, కళ్లు మూసుకుని ఏదో గొణిగే పెద్దమనుషులు మీకు గుర్తొస్తే ఆ తప్పు మీది కాదు. వాళ్ల బల్లల మీద కూర్చునే బంధువులు నాకూ ఉన్నారు. వాళ్ల సీసాల మీద కోటల బొమ్మలుంటాయి. నా సీసా మీద కాగితం ముక్కయినా లేదు. అయినా నాకేం చిన్నతనం లేదు. నన్ను ఎవరి చేతులు కోశాయో నాకు తెలుసు, ఆ బంధువుల్లో ఎంతమందికి ఆ భాగ్యం ఉంది?

నేను ఒక్క పండుతో అయినదాన్ని కాదు. దురాస్ అనే ద్రాక్ష నాకు ఘాటునిచ్చింది. బ్రోకోల్ అనేది రంగునూ వగరునూ ఇచ్చింది. ఆ కొండ దాటితే ఈ పేర్లు ఎరిగినవాళ్లు తక్కువ. మూడోదాని పేరు ప్రునలార్. అసలు గొడవంతా దానితోనే వచ్చింది.

తోట ఒదెత్, గస్తోన్ అనే అక్కాతమ్ముళ్లది. కొండ పైకొసన వాళ్ల నాన్న నాటిన ప్రునలార్ తీగలు ఒకే ఒక్క వరస ఉండేవి. ఆ పండు నిదానంగా పండే రకం. గస్తోన్‌కు నిదానమంటే గిట్టదు. ఏటా అన్నిటితోపాటు దాన్నీ కోసేసి, పుల్లగా ఉందని తిట్టేవాడు. చివరికి ఒక ఏడు అక్కకు తేల్చి చెప్పాడు.

"ఈ కోత కాగానే పై వరస పీకేస్తాను. అందరూ వేస్తున్న మెర్లో ద్రాక్షే మనమూ వేద్దాం. ఈసారి ఆ పండు వైను తొట్టిలో పడడానికి వీల్లేదు."

ఒదెత్ ఆ సాయంత్రం పైకెక్కి, నాన్న తీగల మధ్య కాసేపు కూర్చుని వచ్చింది. తమ్ముడితో వాదించి గెలిచిన చరిత్ర ఆమెకు లేదు.

ఆ ఏడే సెలెస్తీనమ్మ కోతకు వచ్చింది. ఆమెది గోదావరి పక్కనున్న యానాం. ఆ ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలోంచి ఇండియాలో కలిశాక కూడా కొందరు ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోయారు. ఆమె భర్త పొన్నమండ రాఫేలు అలాంటివాడే, ఫ్రెంచి పటాలంలో సిపాయి. పెళ్లి చేసుకుని భార్యను గయాక్ దగ్గరున్న పటాలం క్వార్టర్సుకు తెచ్చుకున్నాడు. ఆయన పొద్దున్నే పోతే మళ్లీ పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. ఆమెకు భాష రాదు, పలకరించే దిక్కు లేదు. పాపం, పొయ్యితోనూ గిన్నెలతోనూ మాట్లాడుకుంటూ ఉండేది. ఒక ఆదివారం చర్చిలో ఒదెత్ ఆమె చెయ్యి పట్టుకుని, ద్రాక్ష కోస్తున్నట్టు వేళ్లతో చూపించి, "వస్తావా?" అంది. ఆ పట్టుకున్న చేతికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మొదటి రోజు రాఫేలు సెలవు పెట్టి తోడు వచ్చాడు. "ఇది దురాస్" అని చూపించాడు.

"ద్రాక్షకి దురాశేంటండీ?"

"దురాశ కాదే, దురాస్. పండు పేరు."

"ఏదైతేనేం, తియ్యగానే ఉందండి" అని ఇంకో రెండు నోట్లో వేసుకుంది. కోతలో చెయ్యి ఆమెకు త్వరగానే కుదిరింది. గుత్తిని కింద నుంచి అరచేతిలో పట్టి, నొప్పి కలగకుండా కోసేది. ఒదెత్ పక్క వరసలోంచి ఫ్రెంచిలో కబుర్లు చెప్తే, ఈమె తెలుగులో బదులు చెప్పేది. ఇద్దరూ విరగబడి నవ్వేవాళ్లు. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు.

అక్కర్లేని పండు కదా, పై వరసను అన్నిటికంటే ఆఖరున కోయించారు. వద్దనుకుని వదిలేయడం వల్ల అది చివరిదాకా ఎండ తిని, జీవితంలో మొదటిసారి నిజంగా పండింది. ఈ సంగతి ఎవరూ గమనించలేదు. కోసినదాన్ని విడిగా పెట్టమని ఒదెత్ చెప్పింది గాని, ఆ కబుర్ల వరదలో ఆ ముక్క కూడా కొట్టుకుపోయింది. సెలెస్తీనమ్మ నిండు తట్ట తెచ్చి తొట్టి దగ్గరే దించింది.

గస్తోన్ నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు. కొండ పైకి వేలు చూపించి, "అక్కడిదా?" అని అడిగాడు. ఆ వేలు ఆమెకు బాగానే అర్థమైంది. ఔనని, యానాంలో ఎవరైనా ఊపినట్టే, తలను మెత్తగా ఈ భుజం వైపు నుంచి ఆ భుజం వైపుకు ఊపింది. ఫ్రాన్సులో తల అడ్డంగా కదిలిందంటే కాదనే లెక్క. గస్తోన్ తట్ట ఎత్తి తొట్టిలో గుమ్మరించాడు. మళ్లీ తట్ట వచ్చింది, మళ్లీ అడిగాడు, మళ్లీ ఊపింది. పై వరస మొత్తం అలాగే నాలో కలిసింది.

ఒదెత్ వచ్చి పై వరస పండు ఏదని వెతికేసరికి అంతా నలిగి ఒక్కటైపోయింది. గస్తోన్ నిప్పులు చెరిగాడు. సెలెస్తీనమ్మకు మాటలు తెలియకపోయినా తిట్లు తెలిశాయి. సాయంత్రం రాఫేలు వచ్చి సంగతి కనుక్కుని భార్యకు విడమరిచి చెప్పాడు.

"ఔనన్నానండీ బాబూ! మేరీమాత మీదొట్టు, ఔననే ఊపాను!"

"నువ్వు ఔననే ఊపావే. ఈళ్లకది కాదన్నట్టు కనపడుద్ది. ఇక్కడ పైకీ కిందకీ ఊపాలి."

"మరా ముక్క ముందే చెప్పద్దా తవరు?"

రాఫేలు టోపీ తీసుకుని ఇంటిదారి పట్టాడు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కోతలు ముగిసిన రోజు భోజనాల దగ్గర యజమాని ఒక్కొక్కరికీ గ్లాసు తాకించి, మళ్లీ ఏడు రమ్మని నోరారా పిలుస్తాడు. పిలుపు అందినవాళ్లే మరుసటి ఏడు వస్తారు. గస్తోన్ అందరినీ పిలిచాడు. సెలెస్తీనమ్మ గ్లాసు పట్టుకుని లేచి నిలబడింది. అతను ఆమెను దాటి వెళ్లిపోయాడు.

చలికాలమంతా ఆమెకు అదే దిగులు. ఆ దేశంలో తనకంటూ ఉన్నది ఆ ఒక్క ఇల్లే. ఒక ఏడాది పంట పాడుచేశానని, ఇక ఒదెత్ పక్కన నిలబడే మొహం లేదని కుమిలిపోయింది. పీపాలో ఉన్న నాకు నోరుంటే కబురు పంపేదాన్ని. మొదట్లో నాలోని పళ్లు మూడూ ఒకదాన్నొకటి తోసుకున్న మాట నిజమే. పోనుపోను దురాస్ దుడుకుతనం తగ్గింది, బ్రోకోల్ మొండితనం సడలింది, ప్రునలార్ ఆ రెంటినీ దగ్గరకు తీసింది. మనుషులు తరాలు గడిచినా చెయ్యలేని పని మేం ఒక్క చలికాలంలో చేశాం.

వసంతంలో గస్తోన్ పీపా తెరిచాడు. తుపుక్కున ఉమ్మడానికి సిద్ధపడే నోట్లో పోసుకున్నాడు. ఉమ్మలేదు. మరో గుక్క తాగాడు. తర్వాత అక్కను కేకేశాడు. ఆమె తాగి, తమ్ముడి మొహం చూడకుండా, "పై వరస పీకే పని ఎప్పుడు పెట్టుకున్నావు?" అంది.

"ఏ వరస? పీకుతానన్నదెవరు?" అన్నాడు గస్తోన్.

"ఆ మాట నాతో కాదు, వెళ్లి ఆ సెలెస్తీనమ్మతో చెప్పు."

అలా నేను ఒక పాత సీసాలోకెక్కి, గస్తోన్ చంకలో కూర్చుని, పటాలం క్వార్టర్సుకు వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ, రాఫేలు కూడా ఇంట్లోనే ఉన్నాడు. తలుపు తీసిన సెలెస్తీనమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. అయినా ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టకూడదని కూర్చోబెట్టి, తమ గిన్నెలతోపాటు అతనికీ ఒక గిన్నెలో మిరియాల చారు పోసి పెట్టింది. గస్తోన్ తాగాడు. ముక్కూ కళ్లూ కారుతున్నా వదలకుండా తాగాడు. అడుగున కాస్త మిగిలాక నా బిరడా తీసి, నన్ను ఆ చారులో ఒంపి, గిన్నె రెండు చేతులా ఎత్తి గటగటా తాగేశాడు.

"అయ్యయ్యో, చార్లో సారా పోసుకున్నాడేంటండీ?"

"ఊరుకోవే. ఈ వైపు పాతకాలపోళ్ల అలవాటది. సొంతింట్లోనూ, సొంతం అనుకున్న ఇంట్లోనూ మాత్తరమే అలా తాగుతారు."

గస్తోన్ మీసం తుడుచుకున్నాడు. క్షమాపణ అనే మాట అతని నోట ఎన్నడూ పలికింది కాదు, ఆ రోజూ పలకలేదు. గిన్నెలోకి చూస్తూ, "పై వరస అలాగే ఉంటుంది. దాన్ని కోయడానికి ఈమెను తప్ప ఇంకెవర్నీ పైకి ఎక్కనివ్వనంటోంది మా అక్క. నేనూ అదే అంటున్నాను" అన్నాడు.

రాఫేలు ఆ మాటలు తెలుగు చేసి చెప్పాడు. సెలెస్తీనమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని బావురుమంది. మిరియాల ఘాటు ఎక్కువైందనుకున్నాడు గస్తోన్, వెర్రిమనిషి. గాభరాగా ఆమె గిన్నె దగ్గరకు లాక్కుని, సీసాలో మిగిలిన నన్నంతా అందులో పోసేశాడు.