తాబేలు కడుపులో నీటి చుక్కలు

ఇలా నా పక్కకు జరుగు, బంగారం. అంత దూరాన కూర్చుంటే సగం మాట గాలికి పోతుంది. మీ పెద్దక్క ఒక మంచి మనిషిని దొంగ అనుకున్న సంగతి ఇది.

అక్క సముద్రం అడుగు చూసొచ్చే యంత్రాలు చేస్తుంది కదా. అప్పట్లో చేసినదాన్ని తాబేలు అనేవాళ్లు. దాని కడుపులో లోహపు డబ్బా, అందులో కెమెరా, వైర్లు. మూతకూ డబ్బాకూ నడుమ రబ్బరు రింగు ఒక్కటే కాపలా. పెద్ద ఓడ బయలుదేరేలోగా తాబేలు పరీక్ష నెగ్గకపోతే దాని చోటు ఇంకొకళ్ల యంత్రానికి పోతుంది. ఏళ్ల తరబడి పడ్డ కష్టమంతా నీళ్లపాలే.

పడవలో తీసుకెళ్లి లోతుకు దించి, పైకి లాగి, ఒడ్డున షెడ్డులో అక్క ఒక్కతే మూత విప్పితే లోపల నీటి చుక్కలు. రింగు చూస్తే చెక్కుచెదరలేదు.

"ఎవరో మూత విప్పి మళ్లీ బిగించారు అమ్మమ్మా," అంది అక్క ఆ పూట అన్నం కలుపుతూ.

"ఎవరంటావు?"

"పిల్లి."

పిల్లి అంటే తనతోపాటు పనిచేసే ఇంజనీరు. పక్కన వచ్చి నిలబడేదాకా అడుగు చప్పుడు వినపడదు, అందుకని ఆ పేరు. డబ్బా అక్కది, మోటార్లు ఆయనవి.

"తాబేలు పరీక్ష తప్పితే అతని మోటార్ల కష్టమూ పోతుంది కదే."

"అవతలివాళ్ల యంత్రానికీ మోటార్లు చేసింది ఆయనే."

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

మర్నాడు అక్క ఎవరికీ చెప్పకుండా ప్రతి బోల్టు మీది నుంచి మూత మీదికి గోళ్ల రంగుతో సన్నగా గీత గీసింది. బోల్టు కదిలితే గీత పగలాలి. డబ్బా షెడ్డుకు వచ్చేసరికి గీతలు పగిలాయి, లోపల మళ్లీ చుక్కలు. పడవలో డబ్బా పక్కన కూర్చున్నది పిల్లే.

అక్క వెళ్లి పైఅధికారితో చెప్పేసింది. ఓడ ఎక్కేవాళ్లలోంచి పిల్లి పేరు తీసేశారు. ఎందుకని పిల్లి అడగనైనా లేదు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చూశావా," అంది అక్క.

"తడుముకోలేదు కదే, తలొంచుకున్నాడు."

"రెండూ ఒకటే."

పిల్లి లేకుండా పడవ వెళ్లింది. గీతలు మళ్లీ పగిలాయి, చుక్కలు మళ్లీ వచ్చాయి. ఇక అక్కకు పడవవాడి మీద అనుమానం, కాపలావాడి మీద అనుమానం. చివరికి నా వైపు తిరిగింది.

"భోజనం తెచ్చిన రోజు అక్కడ ఏమైనా ముట్టుకున్నావా అమ్మమ్మా?"

"ముట్టుకున్నాను. నీ చెంప."

నవ్వలేదు. అనుమానం ఎక్కడిదాకా వచ్చిందో తనకే తెలిసొచ్చింది. ఒంటరిగా వెళ్లే ముఖం లేక నన్ను తోడు పెట్టుకుని పిల్లి ఇంటికి వెళ్లింది. ఆయన కుర్చీలు వేసి అంతా విని ఒకే మాట అడిగాడు.

"ఆ నీళ్లు ఉప్పగా ఉన్నాయా?"

అక్క ముఖం పాలిపోయింది. డబ్బాలో నీళ్లు కనిపిస్తే వాళ్లు చేసే మొదటి పని నాలిక మీద వేసుకోవడమేనట, ఉప్పగా ఉంటేనే సముద్రపు నీళ్లు లోపలికి వచ్చినట్టు. "తుడిచేశాను," అంది మెల్లగా. దొంగను పట్టే తొందర మరి.

"మీరు మూత వేసేది రేవు పక్క షెడ్డులో. గాలంతా చెమ్మ. ఆ గాలే లోపల చిక్కుకుని, కింది చలికి చుక్కలై ఉంటుంది. గీతలంటారా, లోతులో నీళ్లు మూతను నొక్కుతాయి, బోల్టులు వదులవుతాయి. ఆ లెక్క కట్టింది మీరే కదండీ."

"ముందే చెప్పొచ్చుగా?"

"నీళ్లొచ్చాయని నాకెవరు చెప్పారు?"

తర్వాతిసారి అక్క చుక్క నాలిక మీద వేసుకుంది. చప్పగా ఉంది. తేమ పీల్చే పొట్లాలు లోపల పెట్టి దించితే డబ్బా పొడిగా తిరిగొచ్చింది. తాబేలు నెగ్గింది. అక్క మాత్రం అధికారి ముందు నిలబడి తప్పు తనదేనని చెప్పింది. ఓడలో ఖాళీ లేదన్నాడాయన.

"నా చోటు ఆయనకివ్వండి," అంది.

బయలుదేరే రోజు మూత వేసే ముందు పిల్లి అక్కను పిలిచాడు.

"మీరూ ఒక చెయ్యి వెయ్యండి. అక్కడ ఏమైనా అయితే మళ్లీ నా ఒక్కడి మీద పడకూడదు."

కోపంగా అనలేదు. అందుకే అక్కకు ఇంకా లోతుగా దిగింది. తను రింగు సర్దింది, ఆయన బోల్టులు బిగించాడు. ఆనాటి నుంచి అక్కడ ఏ మూతైనా ఇద్దరు కలిసే వేస్తారు. కొత్తగా చేరినవాళ్లకు అది జాగ్రత్త కోసం పెట్టిన పద్ధతి అని చెబుతారట.

ఆ పద్ధతి అసలు ఎలా వచ్చిందో ఇప్పుడు నీకు తెలుసు. మరిచిపోకు తల్లీ, నీ వెనక పుట్టినవాళ్లకూ చెప్పు. అక్క తప్పు దాచకు. పిల్లిని మాత్రం 'గారు' అనే చెప్పు.