రంపం కింద నల్లరాయి

"క్లచ్చి తొక్కన్నా! తొక్కు!"

జోయల్ అరుపు రంపం కీచులో కలిసిపోయింది. వేపమొద్దు నడుమ నిప్పురవ్వలు లేచాయి. చెక్క కోస్తుంటే పొట్టు రావాలి గాని నిప్పు రాకూడదు. ఆ సంగతి బుర్రకెక్కేలోపే రంపం పన్ను ఒకటి ఊడింది. ట్రాక్టరు మీదున్న ఎర్రన్న చెవి పక్కగా దూసుకుపోయి, వెనకున్న రేకుల షెడ్డుకు చిల్లు పెట్టింది. బెల్టు కప్పీల మీంచి జారి పాములా ఎగిరిపడింది. జోయల్ నేల కరిచాడు.

ఎర్రన్న ఇంజను ఆపేశాడు. రంపం బిళ్ళ మాత్రం దానంతటది ఇంకా కాసేపు తిరిగి, మూలుగుతూ నిలిచింది.

జోయల్ లేచి ముందు మనుషుల్ని చూసుకున్నాడు. మొద్దు అవతలి కొస పట్టుకున్న కూలి తిప్పేష్ నిలబడే ఉన్నాడు, మొహంలో మాత్రం రక్తం లేదు. చెక్కపేళ్ళు ఏరుతున్న అమ్మ చిన్నక్క గంపను నెత్తిన బోర్లించుకుని కూలబడింది. పొద్దుటి నుంచీ గొడుగు కింద కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్న వీరభద్రయ్య శెట్టి కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. రెండు కాళ్ళే కనబడుతున్నాయి. ఎర్రన్న చెవి తడుముకుంటున్నాడు.

"ఉండాదా అన్నా?" అన్నాడు జోయల్.

"చెవి ఉండాది. బుద్ధే ల్యాకపాయ, నీ మాట ఇని బండి తెచ్చినందుకు."

ఆ రంపం జోయల్ సొంత చేతులతో పుట్టింది. పాత జీపు ఇరుసు, శెనక్కాయలు ఆడించే మిషన్ నుంచి ఊడదీసిన కప్పీలు, ఎండిపోయిన బోర్లలోంచి పీకిన ఇనుప గొట్టాలు. ఆ గొట్టాలే పట్టాలు, వాటి మీద మొద్దు కూర్చునే బండి. తిప్పడానికి మాత్రం ఎర్రన్న ట్రాక్టరు కావాలి. ఇంతకాలం తుమ్మ కొయ్యలు, కూలిన మిద్దెల దూలాలు కోశాడు. ఇంత లావు మొద్దు ఎక్కించడం ఇదే మొదలు. మృగశిరలో వచ్చిన గాలివానకు శెట్టి చేనిగట్టు మీద, పాత బడి ముందర కూలిన వేపమాను అది. శెట్టి కొత్తింటికి తలుపులు కావాలి. ఇది తెగితే కంబదూరు దాకా ఉన్న కూలిన చెట్లన్నీ జోయల్ దగ్గరికే వస్తాయి. సగం కోసిన మొద్దు లారీ ఎక్కి ఊరు దాటిందా, రేపటి నుంచి ఈ రంపం దగ్గరికి ఎవరూ పుల్ల కూడా తేరు.

ఆ లారీ కోసమే శెట్టి పంచె దులుపుకుంటూ ఫోను తీశాడు. "లక్ష్మీపతీ! కళ్యాణదుర్గం నుంచి లారీ పంపు. ఆ, వేపమొద్దే. ఈడ రంపం కాదప్పా, బాంబు పెట్టుకున్యారు."

"శెట్టీ, ఒక్క మాట..." జోయల్ అడ్డం వెళ్ళాడు.

"మాటల్యా, గీటల్యా. ఎవడో కావాలనే మొద్దులో ఇనుము దిగ్గొట్టినాడు. వాడు ఎవడో నాకు తెలుసు." శెట్టి వేలు తిప్పేష్ మీదికి తిరిగింది. "ఈడు మొన్నటిదాకా లక్ష్మీపతి కోత మిషన్లో పని చేసినోడే కదా?"

తిప్పేష్ ముందుకొచ్చాడు. "ఏం మాట శెట్టీ అది! మేకు దిగ్గొట్టినోడు మొద్దుకు ఆనుకొని నిలబడతాడా? ఆ పన్ను ఇట్ల వచ్చింటే నా పెండ్లామే గదా ఏడ్సల్ల!"

"ఏడ్సడం తర్వాత. ఎవడు చేసినాడో పేరు బయటికి రావల్ల. నలుగురి ముందర పేరు పెట్టి చెప్పల్ల. పోలీసోళ్ళకు నేనే చెప్తా."

ఎర్రన్న ట్రాక్టరు దిగి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఇది న్యాయమైన మాట. ఏమప్పా జోయేలూ, నేను శెనక్కాయ విత్తనం వేసుకొని బతికేటోడ్ని. ఇట్ల సచ్చే ఖర్మ నాకేల? పేరు తేలితే బండి ఉంటాది. తేలకుంటే ఇప్పుడే ఇంటికి పోతా."

జోయల్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడ తప్పింది? ఉదయం మొద్దు ఎక్కించే ముందు తనే స్వయంగా చూశాడు. చర్చి మైకుసెట్టులో పేలిన స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి, మొద్దు చుట్టూ జానెడు జానెడు తిప్పాడు. ఒక్కచోట కూడా అంటుకోలేదు. మేకు ఉంటే అంటుకోకుండా ఉంటుందా?

"అది ఇనుము కాదు," అన్నాడు గట్టిగా.

"ఇనుము కాకుండా నిప్పులెట్ల వచ్చినాయిరా?" అన్నాడు శెట్టి.

"లారీ వచ్చేలోగా చూపిస్తా."

గడ్డపార, సుత్తి, ఇనుప చీలలు తెచ్చాడు. రంపం ఆగిన గాట్లో చీలలు పెట్టి కొట్టాడు. రెండు కొమ్మలు చీలే పంగ దగ్గర మొద్దు చిటపటలాడి నోరు తెరిచింది. అందరూ వంగారు. శెట్టి కూడా కళ్ళద్దాలు పైకి తోసుకుని ముందుకు వచ్చాడు.

చేవ నడుమ, గుడ్డు లోపల సొనలాగా, నల్లటి రాయి కూర్చుని ఉంది. పిడికిలంత పొడుగు, ఒక కొస సన్నం, ఒక కొస లావు. నున్నగా మెరుస్తోంది. రంపం పడిన చోట మాత్రం తెల్లటి గాటు.

జోయల్ బెరడంతా వెతికాడు. ఎక్కడా తొలిచిన రంధ్రం లేదు, అతుకు లేదు. "చూడన్నా. బయటినుంచి పెట్టింది కాదు. చెట్టు చిన్నగా ఉన్నప్పుడే పంగలో ఎవరో పెట్టినారు. చెట్టు పెరిగి మింగేసింది. తిప్పేష్ అప్పటికి పుట్టి కూడా ఉండడు."

"నాయనా, నీ నోరు సల్లగుండ," అని తిప్పేష్ మొద్దు మీదే కూర్చుండిపోయాడు.

చిన్నక్క గంప పక్కన పెట్టి వచ్చింది. రాయిని చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదట భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు ఆగలేదు.

"ఏందమ్మా?"

"ఇది బడి రాయిరా! నేను గూడా రెండేండ్లు పోయింటి ఆ బడికి. పలక మీద లెక్క తప్పు పోయిన పొద్దు, పంతులు కొట్టకుండా ఉండాలని ఈ వేప పంగలో రాయి పెట్టి పోతాంటిమి. సాయంత్రం వచ్చేటప్పుడు తీసెయ్యల్ల. తియ్యకుంటే పంతులుకు కీడు, మనకు పాపం. మేమంతా ఇంతింత పలుగురాళ్ళు పెడితిమి. ఇంత గుండు పెట్టినోడికి ఎంత భయమో సామీ!"

"తియ్యకపోతే ఏమైతాది?" అన్నాడు ఎర్రన్న. అతను చెవి సంగతి మర్చిపోతున్నాడు.

"ఏమైతాదా? ఒకసారి పంతులు సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్యాడు. చెయ్యి అతికేదాకా బడే ల్యా. మేము ఎంత సంబరపడితిమి!" చిన్నక్క మళ్ళీ నవ్వింది. "ఈ గుండు పెట్టినోడు మాత్రం పంతులు చెయ్యి నేనే ఇరిసినానని హడలిపోయింటాడు. తీస్తే మళ్ళా వచ్చి కొడతాడు, తియ్యకుంటే పాపం. పాపం, ఆటికీ ఈటికీ కాక ఇడిసిపెట్టేసింటాడు."

జోయల్ చూపు రాయి మీంచి పక్కకు జారింది. ఇందాకటిదాకా అందరికంటే పెద్దగా అరిచిన మనిషి గొంతు వినబడడం లేదు. శెట్టి కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"సరే, పిల్లోళ్ళ చేష్ట," అన్నాడు శెట్టి చివరికి. "ఆ రాయి అట్ల చెరువులోకి ఇసిరెయ్. లారీ వద్దని చెప్తాలే. ఎర్రన్నా, బండి స్టార్ట్ చెయ్."

"పోలీసోళ్ళు వద్దా శెట్టీ?" అన్నాడు ఎర్రన్న.

"యాల అప్పా, పాతకాలం కత."

జోయల్ పన్ను ఊడిన బిళ్ళ తీసి, అట్టపెట్టెలో దాచిన రెండో బిళ్ళ ఇరుసుకు ఎక్కించి నట్లు బిగించసాగాడు. లారీ రాకపోతే సగం గండం గడిచినట్టే. మిగతా సగం ఎర్రన్న జేబులో ఉంది.

ఎర్రన్న తాళంచెవి తీయలేదు. మీసం కింద నవ్వు దాచుకుని చేతులు కట్టుకున్నాడు. "నువ్వే గదా శెట్టీ అన్నది, నలుగురి ముందర పేరు పెట్టి చెప్పల్లని? నా చెవి పోయేదుండె. పేరు ఇనందే తాళం తిప్పను."

అప్పుడే గట్టు మీంచి సుమిత్రమ్మ దిగింది. శెట్టి భార్య. చంకలో మజ్జిగ బిందె, చేతిలో గ్లాసులు. "ఏమప్పా, రంపం సప్పుడే ల్యా? ఏమాయ?" అంటూ వచ్చి, మొద్దు నోట్లో ఉన్న రాయిని చూసి ఆగిపోయింది. బిందె కింద పెట్టి, వంగి, రాయిని రెండు చేతులతో పెళ్ళగించింది. కొంగుతో తుడిచింది.

"అయ్యో, ఇది మా అత్త కల్వం గుండు గదా!"

శెట్టి "సుమిత్రా," అన్నాడు మెల్లగా.

ఆమె వినిపించుకోలేదు. "కల్వం ఇంకా మా ఇంట్లోనే ఉండాది, గుండు ల్యాకుండా. ఊర్లో పసిపిల్లోళ్ళకంతా మా అత్త దాంట్లోనే వస, శొంఠి నూరి పోస్తాండె. గుండు పాయనని సచ్చేదాకా తలపోసుకునె. కోతి ఎత్తుకపాయ అని చెప్పినారంట."

"ఎవురు చెప్పినారమ్మా?" అన్నాడు ఎర్రన్న.

"ఇంకెవురు? మా అత్తకు ఒక్కడే కొడుకు."

తిప్పేష్ మొద్దు మీంచి లేచాడు. "అయితే ఆ కోతి..."

"నువ్వు మూసుకో!" అన్నాడు శెట్టి. కానీ ఆ గొంతులో పస లేదు, చెవులు ఎర్రబడ్డాయి.

"కోతి సంగతి తర్వాత," ఎర్రన్న తాళంచెవి తీసి వేలికి తగిలించుకుని ట్రాక్టరెక్కి కూర్చున్నాడు. "పేరు చెప్పమ్మా. తిప్పేష్ మీద నింద పడింది, పేరుతోనే పోవల్ల."

"చెప్తాండా గదా. మా సాయిగణేష్ వాళ్ళ నాయన."

"నేను సాయిగణేష్ పేరు అడగలే."

"మా ఇంటాయన."

"ఇంటాయనకు పేరుండదా?"

సుమిత్రమ్మ తల దించుకుంది. పెళ్ళినాడు గడప దగ్గర ఆపి మొగుడి పేరు చెప్పమంటే గొంతులోనే మింగిన మనిషి. ఆసుపత్రిలో అడిగితే కొడుకును మోచేత్తో పొడుస్తుంది. బ్యాంకులో అడిగితే పాసుబుక్కు చూపిస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా "ఆయప్ప ల్యాడు" అనడమే తప్ప, ఆ పేరు ఆమె నోట ఊళ్ళో ఎవరూ విన్న పాపాన పోలేదు.

"చెప్పొద్దు, ఆయుష్షు తగ్గుతాది," అన్నాడు శెట్టి, ఆఖరి ఆయుధంగా.

"తగ్గదులే," అంది చిన్నక్క. "పంతులు చెయ్యి ఇరిసినోడికి ఏమీ కాల్యా గదా ఇన్నాళ్ళు. చెప్పు సుమిత్రమ్మా. నా కొడుకు రంపం తిరగల్ల."

జోయల్ ఆఖరి నట్టు బిగించి, పాన చేత్తో పట్టుకుని లేచాడు. బెల్టు కప్పీలకు ఎక్కించి ఉంది. మొద్దు పట్టాల మీద ఉంది. ఎర్రన్న తాళంచెవి ట్రాక్టరులో పెట్టాడు గాని తిప్పలేదు. సుమిత్రమ్మ పెదాలు కదుపుతోంది.

ఆమె జోయల్ వైపు చూసింది. తిప్పేష్ వైపు చూసింది. చేతిలో ఉన్న అత్తగారి గుండును చూసుకుంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. ఆయన గొడుగు అడ్డం పెట్టుకున్నాడు గాని దాని వెనక నుంచి నవ్వు ఆపుకోలేక దగ్గు వస్తోంది. ఆమె మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. కొత్తపెళ్ళికూతురులా సిగ్గుపడింది, కొంగు నడుముకు చుట్టి దోపుకుంది, గుండు పైకెత్తి ఊరంతా వినేట్టు అరిచింది.

"వీరభద్రయ్య!"