విలికేసా కోడి తిన్న శుక్రవారాలు

చేపల హోటల్లో కూర్చుని కోడికూర తెప్పించుకునే మొగుణ్ణి ఉనైసి ఆ శుక్రవారం దాకా చూడలేదు.

అదీ ఎవరు? విలికేసా. దీవిలో చేపలు పట్టే సముద్రం వాళ్లింట పుట్టినవాడు. పళ్లు రాకముందే వాళ్లమ్మ చేప బుగ్గ నలిపి నోట్లో పెట్టి పెంచిందట. చేప తల ముందు పెడితే కళ్లూ పెదాలూ అన్నీ ఒలుచుకు తిని, ఎముకల్ని ప్లేటు అంచున మళ్లీ తలలాగే పేర్చి పెట్టేవాడు. అలాంటి మనిషి.

వాళ్ల కూతురు అరియేటా నర్సు ఉద్యోగంలో చేరాక మొదలైంది ఈ బయట తినే ముచ్చట. శుక్రవారం ఓడలకు రంగులేసే షెడ్డు నుంచి రాగానే విలికేసా చేతుల రంగు కిరసనాయిలుతో తోముకుని, పూలచొక్కా తగిలించుకుని, "పద ఉనైసీ, ఈ పూట మనకెవరో వండిపెడతారు" అనేవాడు. సువా పట్నం చుట్టుపక్కల ఆ ఇద్దరూ తిననిచోటు లేదు. వాలు బే రేవులో చైనావాళ్ల హోటలు, నౌసోరి వంతెన దగ్గర రొయ్యల పాక, లామి ఒడ్డున లంగరు హోటలు. ఉనైసికి బస్సెక్కితే బ్రేకుల భయం, దిగితే వాన భయం, కూర్చుంటే పీత బతికుండగానే వండారా లేదా అని భయం. అయినా శుక్రవారం కోసం సోమవారం నుంచీ ఎదురుచూసేది.

ఆ రోజు లంగరు హోటలు గుమ్మంలోనే విలికేసా ప్రకటించేశాడు: కొబ్బరిపాలల్లో మండపీత, పక్కన నిమ్మరసంలో ఊరేసిన వంజరం ముక్కలు. అని చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఎంతకీ రాడే! జారిపడ్డాడేమోనని ఉనైసి లేవబోయేంతలో వచ్చాడు. మొహం మాత్రం వెళ్లినప్పటి మొహం కాదు.

"నాకు కోడి చెప్పు" అన్నాడు.

"ఏంటీ?"

"కోడి. ఎప్పుడూ వినలేదా ఆ పేరు?"

"గుమ్మంలో పీతన్నావు కదయ్యా!"

"గుమ్మం దాటాక కోడి అంటున్నాను. తప్పా?"

ఉనైసికి ముందుగా తట్టింది ఒకటే. విలికేసా దీవిలో ఒక పద్ధతుంది. సముద్రం వాళ్లు పొలాలు చేసుకునే నేలవాళ్ల కళ్లెదుట చేప ముట్టరు. నేలవాళ్లు సముద్రం వాళ్ల ఎదుట పందిమాంసం ముట్టరు. వీళ్ల చేప వాళ్లకి పెట్టాలి, వాళ్ల పంది వీళ్లకి పెట్టాలి. పద్ధతి తప్పితే ముల్లు గొంతులో అడ్డం పడుతుందని అక్కడ పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ కూడా అంటారు. ఉనైసి పుట్టింది లెవుకా రేవులో. అక్కడ అందరూ అన్నీ తింటారు. పెళ్లయి వచ్చాక నేర్చుకుంది ఇవన్నీ. అందుకే మొగుడి దీవి నుంచి నేలవాళ్లెవరైనా వచ్చి కూర్చున్నారేమోనని టేబులు టేబులూ పరకాయించి చూసింది. ఎండకి ఎర్రగా కమిలిన తెల్లవాళ్లు. ఒక చైనా కుటుంబం. పోస్టాఫీసులో పనిచేసే రేవా వైపు ఆడవాళ్లిద్దరు. తింటున్నవాళ్లలో ఆ దీవి నేలవాళ్లు ఒక్కరూ లేరు. మూలన చెవిలో తెల్లపువ్వు పెట్టుకుని గిటారు వాయిస్తూ పాడేవాడు పాడుతున్నాడు. అంతే.

మరి ఎందుకు?

ప్రార్థన చేసి ఇద్దరూ తిన్నారు. ఆయన కోడి తిన్నాడు. ఆవిడ పీత తెప్పించుకుందే గాని, ఒక్క కాలు విరిచి పక్కన పెట్టేసింది. ఎందుకంటే ఆయన అన్న పెనియాసికీ ఇలాగే మొదలైంది. ముందు చేప వద్దన్నాడు. తర్వాత చేమదుంప వద్దన్నాడు. తర్వాత గంజి వద్దన్నాడు. ఈస్టరు నాటికి మనిషే లేడు. కడుపులో పుండని డాక్టర్లు చెప్పేసరికి చెప్పి ఉపయోగం లేకపోయింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఉనైసి పరీక్ష పెట్టింది. కొబ్బరిపాలల్లో చేప తల వండి ఎదురుగా పెట్టి, తలుపు సందులోంచి చూసింది. విలికేసా రెండు చేతులా తిన్నాడు. ఎముకలు పేర్చాడు. పులుసు తాగాడు. ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. దణ్ణం పెడుతూనే మళ్లీ అనుమానం. ఆరిపోయే ముందు దీపం పెద్దదవుతుందంటారే, అదేమో!

తర్వాతి శుక్రవారం చైనావాళ్ల హోటల్లో కూడా ఆయన అల్లం వేసిన చేప మొత్తం ఒక్కడే తినేశాడు. ఆవిడ పళ్లెంలోది కూడా అడిగి తీసుకున్నాడు. అమ్మయ్య అనుకుంది. ఆ పై శుక్రవారం ఆవిడ రొయ్యల పాకకి పోదామంటే, ఆయన మాత్రం బస్టాండులో లామి బస్సే ఎక్కాడు.

"మళ్లీ లంగరుకా? అక్కడ నీకు చేప సయించలేదు కదయ్యా."

"కోడి బాగుంది."

"కోడి తినడానికి సముద్రం ఒడ్డుకి పోతారా ఎవరైనా? మన పెరట్లో తిరగడంలేదా కోళ్లు?"

"వాటిని నువ్వు కొయ్యనివ్వవు. పేర్లు పెట్టావు."

అక్కడ మళ్లీ కోడే. ఈసారి ఉనైసి మొగుడి చూపుని వెంబడించింది. గల్లాపెట్టె దగ్గర మందారం పెట్టుకుని పకపకా నవ్వే మనిషొకతి ఉంది. ఓహో, ఇదా సంగతి! అనుకుంది. కాని ఆయన అటు ఒక్కసారి కూడా చూడలేదు. పాడేవాడినే చూస్తున్నాడు. కన్నార్పకుండా, కొనబోయే పడవని చూసినట్టు చూస్తున్నాడు. అసలు విలికేసాకి పాటలంటే పడవు. చర్చిలో గానబృందం లేస్తే కునుకు తీస్తాడు. ఇప్పుడీ వింత ఏంటి? అప్పుడు గుర్తొచ్చింది. చివరి రోజుల్లో పెనియాసి కూడా పాటలే పాడించుకున్నాడు.

ఇక ఆగలేక మర్నాడు వంటింట్లో కూతుర్ని పట్టుకుంది.

"అరియేటా, నాన్నని ఒకసారి మీ ఆసుపత్రికి తీసుకెళ్లి కడుపు చూపించవే."

"ఏమైంది?"

"చేప మానేశాడే, బంగారం. హోటల్లో ఎదురుగా ఉన్నా ముట్టడంలేదు."

అరియేటా చేతిలో గరిటె కింద పడింది. నర్సు పిల్ల. రక్తం చూసినా చెయ్యి వణకని పిల్ల. మొహం పాలిపోయింది.

"ఏ హోటల్లో?" అంది.

"లామిలో. లంగరు."

"అక్కడికి వెళ్తున్నారా మీరు? ఎన్నాళ్ల నుంచి? ఇంకేమైనా అన్నాడా నాన్న?"

"ఏమంటాడే? కోడి అన్నాడు."

పిల్ల గరిటె తీసి కడిగింది. కడిగిన గరిటె మళ్లీ కడిగింది. ఆస్పత్రి పనుందని చెప్పి సెలవురోజున బయటికి పోయింది. ఉనైసి పొయ్యి ముందే కూలబడింది. జబ్బుకీ హోటలుకీ ఏంటి సంబంధం? ఏ హోటలని ఎందుకడిగింది? లామిలో తింటే ఒక జబ్బూ, నౌసోరిలో తింటే ఇంకో జబ్బూనా? అంటే ఆ హోటలు చేపలో ఏదో విషం ఉందని ఆసుపత్రిలో తెలిసిందేమో. మరి తండ్రి తినట్లేదు కదా, తిన్నది నేను కదా! అనుకుని తన కడుపు నొక్కి చూసుకుంది. నొప్పి ఉన్నట్టే ఉంది. కాసేపటికి లేదు.

వారమంతా ఆవిడకి ముద్ద దిగలేదు. మొగుడికి పొద్దున్నే మొహం పచ్చబడిందా అని కిటికీ వెలుగులో చూసేది. ఆయన అద్దంలో చూసుకుని "రంగు అంటుకుందా?" అని తుడుచుకునేవాడు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. మళ్లీ లంగరు. దార్లో ఆవిడ ఒక నిశ్చయానికొచ్చింది. ఈ పూట తేలిపోవాలి. ఆయన అక్కడ చేప మింగగలిగితే బతుకుతాడు, మింగలేకపోతే రేపే ఆసుపత్రి.

కూర్చున్న వెంటనే ఆయన్ని అడక్కుండా చెప్పేసింది, "ఒక పెద్ద చేప. తలతో సహా. కొబ్బరిపాలు దండిగా."

"నాకు కో…"

"నోరుముయ్యి."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ అలా అనడం అదే మొదలు. విలికేసా నోరు మూశాడు.

చేప వచ్చింది. పొగలు కక్కుతూ, పైన ఎండుమిరప తునకలతో. ఉనైసి బుగ్గ దగ్గరి మెత్తని ముక్క తీసి, ముల్లు లేకుండా వేళ్లతో వెతికి వెతికి, కొబ్బరిపాలలో ముంచి, అందరూ చూస్తుండగా మొగుడి నోటి దగ్గర పెట్టింది.

"తిను."

ఆయన తల వెనక్కి లాక్కున్నాడు.

"తినవయ్యా. నా మీద ఒట్టు. తింటే నాకు నిద్ర పడుతుంది. తినకపోతే… పెనియాసి బావగారికీ ఇలాగే…" ఆవిడ గొంతు పెద్దదైపోయింది. పోస్టాఫీసు ఆడవాళ్లు చెంచాలు దించేశారు. ముక్క మీంచి కొబ్బరిపాలు బల్ల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. విలికేసా పెదాలు బిగించుకుని మూలకి చూశాడు, ఏం చెయ్యమంటావురా అన్నట్టు.

పాట ఆగిపోయింది.

పాడేవాడు ఓ చరణం మధ్యలో గిటారు కుర్చీకి ఆనించి, వంగి, టేబుళ్ల పక్కనుంచి తల దించుకుని బయటికి పోయాడు. తలుపు మూసుకుంది.

విలికేసా నోరు తెరిచి ముక్క తినేశాడు.

తినడమే కాదు, రెండోది తనే తీసుకున్నాడు. మూడోది. కన్ను పీకాడు. వారాల తరబడి ఉపవాసమున్నవాడిలా తింటూ, మధ్యమధ్య తలుపువైపు చూస్తున్నాడు.

ఉనైసి మొగుణ్ణి చూసింది. తలుపు చూసింది. ఖాళీ కుర్చీని చూసింది. అద్దం అవతల చీకట్లో తెల్లపువ్వొకటి అటూ ఇటూ తిరుగుతోంది. అప్పుడు ఆవిడ బుర్రలో చిక్కుపడ్డ వలకి ఒక కొస దొరికింది.

"ఆ పాడేవాడు నేలవాళ్ల పిల్లాడా?"

విలికేసా నోటినిండా చేపతో తలూపాడు.

"మీ దీవి నేలవాళ్లా? నేనెప్పుడూ చూళ్లేదే?"

"లౌటోకా పట్నంలో పెరిగాడు. పేరు ఇనోకే. పగలు బళ్లో పంతులు. మొదటిరోజు నేను చేతులు కడుక్కుంటుంటే వచ్చి, తడినేల మీదే కూర్చుని ఫలానావాళ్ల అబ్బాయినని చెప్పాడు."

"చెబితే చెప్పాడు. ఎవరో నేలవాడున్నాడని కోడి తిన్నావు, బాగుంది. ఆ కోడి కోసం మళ్లీ మళ్లీ ఇక్కడికే ఎందుకు లాక్కొచ్చావయ్యా?"

విలికేసా వేళ్లు నాక్కుని, తల దించుకుని చెప్పాడు. "పిల్లనడిగే తిమింగలం పన్ను పట్టుకుని మనింటికి వస్తాడట. అరియేటా కోసం. నేను చెప్పాను, కొన్ని శుక్రవారాలు నిన్ను చూస్తాను, తర్వాత మాట్లాడదాం, ఎవరికీ చెప్పకు అని. తాగుతాడా, ఆడవాళ్లతో ఎలా మాట్లాడతాడు, పాట అయ్యాక ఎటు పోతాడు… చూస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ ఓడ గుమాస్తా సంబంధమప్పుడు ఏం చేశావు? మాట కలవకముందే పెళ్లి చాపలు అల్లించావు. అది తప్పిపోతే పిల్ల బాగానే ఉంది, నువ్వు మంచం దిగలేదు. ఈసారి ఖాయమయ్యాకే చెబుదామనుకున్నా."

"నువ్వు చచ్చిపోతున్నావనుకున్నానయ్యా!"

"కోడి తిన్నందుకా?"

ఆవిడకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందో తెలియలేదు. చేతికందిన గుడ్డతో మొహం తుడుచుకుంటే కొబ్బరిపాలన్నీ మొహానికయ్యాయి. కూతురు ఎందుకు గరిటె పడేసిందో ఇప్పుడర్థమైంది. అర్థమయ్యేసరికి కొత్త సందేహాలు మొదలయ్యాయి. ఆవిడే లేచి వెళ్లి తలుపు తీసింది.

"ఒరే అబ్బాయ్, ఇలా రా."

ఇనోకే వచ్చాడు. దగ్గర్నుంచి చూస్తే చిన్నవాడేం కాదు, ముప్పై దాటినవాడే. టేబులు పక్కన నేల మీద కాళ్లు మడిచి కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

"పాట మధ్యలో ఎందుకు పోయావు? యజమాని తిట్టడా?"

"తిడతాడమ్మా."

"మరి?"

"మీరు బలవంతంగా పెట్టేస్తున్నారు. నేనుండగా పెద్దయ్య మింగితే ముల్లు అడ్డం పడుతుందేమోనని…" ఆగాడు. "ఇక్కణ్నుంచి ఆసుపత్రి దూరమమ్మా. శుక్రవారం బస్సులు కూడా సరిగా ఉండవు."

ఉనైసి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ముల్లు, ఆసుపత్రి, బస్సు. సరిగ్గా ఆ వరసలో భయపడే మనిషి ప్రపంచంలో తను ఒక్కతే అనుకుంది ఇన్నాళ్లూ.

"ముల్లు నేను తీసే పెట్టానులే" అంది మెల్లగా.

విలికేసా మిగిలిన చేపపళ్లెం రెండు చేతులా ఎత్తి, కుర్చీ దిగి, ఇనోకే ముందు నేలమీద పెట్టాడు. సముద్రం వాళ్లు నేలవాళ్లకి చేప పెట్టాక అనడానికేముంది? ఇనోకే అరచేతులు దొప్పల్లా చేసి గుల్లగా మోగేలా చప్పట్లు కొట్టాడు, పెద్దలిచ్చింది పుచ్చుకునేటప్పుడు కొట్టే చప్పట్లు. తెల్లవాళ్లు అది ఆటపాటల్లో భాగమనుకుని వాళ్లూ కొట్టారు.

"కాని తల మొత్తం తినేశారమ్మా పెద్దయ్య" అన్నాడు ఇనోకే పళ్లెంలోకి చూసి.

"నువ్వు తొందరగా లోపలికి రావాల్సింది" అన్నాడు విలికేసా. అని, తిరిగి కుర్చీలో కూర్చుని గల్లాపెట్టెవైపు కేకేశాడు, "ఒక కోడి!"

ఉనైసి మళ్లీ లెక్కల్లో పడింది. అయితే ఈ పిల్లాడు ఇంటికొచ్చిన ప్రతి ఆదివారమూ ఈయనకి కోడేనా? జీవితాంతమా? పెరట్లో ఉన్నవి ఎన్నాళ్లొస్తాయి? వాటిలో దేన్ని కొయ్యాలి?

"కోడే అక్కర్లేదమ్మా, పంది నేనే తెస్తాను ఆయనకి" అన్నాడు ఇనోకే, ఎవరూ అడక్కుండానే.

లెవుకా ఆడది, ఆవిడకి ఏ అడ్డూ లేదు. వంగి, పళ్లెంలోంచి తోక దగ్గరి ముక్క తుంచుకుని నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిపోయింది. ఇంకో ముక్క తుంచుకుంది.