అంగుళం గడి

లవాన్ మధ్యలో వదిలి వెళ్లిన బొంతకు నలభై రెండు చదరాలు కావాలి. ముప్పై ఆమె కుట్టింది. తక్కినవి కుట్టే పని ఆర్డిస్ లొక్కెన్ తన మీద వేసుకుంది. ఆ ఊరి లూథరన్ చర్చిలో, హైస్కూలు ముగించే పిల్లలకు ఏటా మే నెలలో ఒక ఆదివారం బొంతలు కప్పుతారు. ఈసారి ఆ వరుసలో లవాన్ మనవరాలు మారెన్ కూడా నిలబడాలి. పిల్ల ఆ బొంతను ఎంతకాలం కప్పుకున్నా, నానమ్మ చెయ్యి ఎక్కడ ఆగిందో, మరొకరి చెయ్యి ఎక్కడ మొదలైందో ఆమె కంట పడకూడదు. ఆర్డిస్ కోరింది అంతే. అంతకు మించి ఏదైనా కోరగల స్థితిలో ఆమె లేదు.

లవాన్ ఆమె తమ్ముడి భార్య. ఫిబ్రవరిలో, కిరాణా దుకాణం ముందు కారు అద్దం మీది మంచు గీకుతూ గీకుతూ ఒరిగిపోయింది. ఆనాటి నుంచి ఆర్డిస్ ఏడవలేదు. చర్చిలో అందరూ దాన్ని నిబ్బరమన్నారు. నిబ్బరం కాదది. పన్ను పీకే ముందు మత్తుమందు ఎక్కించాక చెంపను నొక్కి చూసుకుంటే, వేలికి చెంప తెలుస్తుంది గాని చెంపకు వేలు తెలియదు. ఆమెకు లోకమంతా అలాగే ఉంది. ఇరుగుపొరుగు తెచ్చిపెట్టిన వంటలు తినేది. ఏం తిన్నదో చెప్పలేకపోయేది. కాఫీ వేడిగా ఉందో చల్లారిందో తాగాక కూడా తెలిసేది కాదు. అందుకే ఆమె పనిని పట్టుకుంది. పనికి కారణాలూ ఫలితాలూ ఉంటాయి. ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకొకదాని దాకా నడవవచ్చు. జిల్లా ధాన్యం పరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగకాలమంతా గోధుమల తేమ కొలిచిన మనిషికి ఆ నడక అలవాటే.

ఆ రకం బొంతను కాగితం మీద కుడతారు. నమూనా అచ్చు వేసిన పలచటి కాగితం మీద గుడ్డముక్కలు పరిచి, గీత వెంట మిషను నడిపి, చివర కాగితం చింపేస్తారు. నమూనా ఆర్డిస్ మాక్ కంప్యూటర్‌లో ఉంది. వదినా మరదళ్లు కలిసి కొన్నదే. చిక్కల్లా కాగితంతోనే. ఉల్లిపొర లాంటి ఆ కాగితాన్ని కొత్త ప్రింటర్లు నమిలేస్తాయి. నలగకుండా బయటికి పంపేది లవాన్ కుట్టుగదిలో ఉన్న పాత లేజర్ ప్రింటర్ ఒక్కటే. అందువల్ల ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున ఆర్డిస్ మాక్‌ను చంకన పెట్టుకుని తమ్ముడు ఓర్విల్ ఇంటికి వెళ్లింది.

కుట్టుగది తలుపు వేసి ఉంది. ఓర్విల్ తలుపు తీసి, తాను మాత్రం గడప అవతలే నిలబడ్డాడు.

"ప్రింటర్ ఆఫ్‌లైన్‌లో ఉందంటోందిరా," అంది ఆర్డిస్ కాసేపటికి.

"నేనూ అలాగే ఉన్నానక్కా. నన్నెవరూ బాగుచేయడానికి రాలేదు."

"లైటు వెలుగుతోంది కదా. మరి దానికేం రోగం?"

"దానికేం లేదు, గుండ్రాయిలా ఉంది. రోగం నీ వెండి డబ్బాకే. దానికి టెక్కు జాస్తి అని లవాన్ ఎప్పుడూ అంటూనే ఉండేది."

మాక్‌లోని జాబితాలోంచి ప్రింటర్‌ను తీసేసి మళ్లీ చేర్చుకుంటే సరిపోతుందని ఆర్డిస్ అనుకుంది. తీసేయడం తేలిగ్గానే అయింది. మళ్లీ చేర్చబోతే అది జాబితాలో కనపడనే లేదు.

"పక్కింటివాళ్ల ప్రింటర్ కనిపిస్తోంది. మనది లేదు."

"అయితే వాళ్లింట్లో అచ్చువేసి, కిటికీలోంచి విసరమందాం."

"వేళాకోళం తర్వాత. ఈమధ్య ఇంటర్నెట్ పెట్టె ఏమైనా మార్చావా?"

ఓర్విల్ తలుపు చట్రానికి చేరబడ్డాడు. "మార్చిలో కంపెనీ మనిషి వచ్చి పాతది పట్టుకుపోయి కొత్తది పెట్టాడు. నేనేమీ అడగలేదక్కా. అప్పుడు ఎవరొచ్చి ఏది పట్టుకుపోయినా అడిగేలా లేను."

కారణం అక్కడ ఉంది. ప్రింటర్‌కు పాత పెట్టె అంకెల ప్రకారం లవాన్ స్వయంగా ఒక చిరునామా పెట్టింది. కొత్త పెట్టె అంకెలు వేరు. ఊరంతటికీ వీధి పేర్లు మారిపోతే, పాత పేరు రాసుకున్న పలకతో ఒక ఇల్లు కూర్చుని ఉన్నట్టు, ప్రింటర్ లైటు వెలిగించుకుని ఎవరైనా వస్తారేమోనని కూర్చుని ఉంది. ఆర్డిస్ దాని మీది బొత్తాం నొక్కి పట్టుకుంది. అది తన సంగతులన్నీ తానే ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చింది. అందులో లవాన్ పెట్టిన అంకెలున్నాయి. వాటిని చెరిపి, పెట్టె ఇచ్చిన చిరునామానే పుచ్చుకొమ్మని ప్రింటర్‌కు చెప్పాలి. ఆర్డిస్ చెరిపేసింది. చెరిపేటప్పుడు తనకేమైనా అనిపిస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. ఏమీ అనిపించలేదు.

కొత్త అంకెలను మాక్‌లో కొట్టింది. ఈ ప్రింటర్‌కు తగిన సాఫ్ట్‌వేర్ తన దగ్గర లేదని, సాధారణ రకాలలో ఒకటి ఎంచుకొమ్మని మాక్ చెప్పింది. రెండు రకాలున్నాయి. ఆమె పైదాన్ని ఎంచుకుంది. ప్రింటర్ గురగురమని కదిలి కాగితం తరవాత కాగితం వదలసాగింది. వాటి నిండా శాతం గుర్తులు, కుండలీకరణాలు, అర్థంలేని అక్షరాలు.

"ఏమంటోందక్కా?"

"దానికి రాని భాషలో మాట్లాడాంరా. విన్నది విన్నట్టు రాసేస్తోంది."

"పెళ్లయిన కొత్తలో మా అత్తగారు నన్ను నార్వీజియన్‌లో తిట్టేది. నేనూ అంతే, శ్రద్ధగా తలూపేవాణ్ణి."

ఆర్డిస్ ప్రింటర్‌ను ఆపి, మాక్‌లో వరుసకట్టి ఉన్న పనులన్నీ తుడిచి, రెండో రకాన్ని ఎంచుకుంది. ఈసారి నమూనా వచ్చింది. నల్లటి సన్నని గీతలు, నక్షత్రం ఆకారం, ముక్కల అంకెలు, అన్నీ ఉన్నాయి. అడుగున మూలలో ఉండవలసిన చిన్న గడి మాత్రం సగమే ఉంది. మిగతా సగం కాగితం అంచు దగ్గర తెగిపోయింది.

ఇలాంటి నమూనా ప్రతిదానికీ ఆ గడి ఉంటుంది. నాలుగు వైపులా సరిగ్గా అంగుళం. కుట్టడం మొదలుపెట్టే ముందు దాని మీద స్కేలు పెట్టి చూడాలి. అది అంగుళమైతే తక్కిన నమూనా అంతా నిజం. కాకపోతే అంతా అబద్ధం. చర్చి కిందిగదిలో కుట్టుపనికి కొత్తగా చేరిన ప్రతి మనిషికీ ఆ మాట చెప్పేది ఆర్డిసే.

"గడి తెగిందే," అన్నాడు ఓర్విల్. ఏమరుపాటున లోపలికి వచ్చి ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు.

"ఈ సాధారణ రకం, అంచుల దగ్గర ఎక్కువ చోటు వదులుతోంది. ఉండు, పేజీకి సరిపడేలా అమర్చమని చెబుతాను."

మాక్‌లో ఆ మాట ఉన్నచోట టిక్కు పెట్టింది. మళ్లీ అచ్చువేసింది. చిన్న గడి ఈసారి నాలుగు గీతలతో పూర్తిగా, చక్కగా వచ్చింది.

"అదిగో! దొరికింది దొంగ!" ఓర్విల్ చప్పట్లు కొట్టాడు. ఫిబ్రవరి తరవాత అతను గొంతెత్తడం అదే మొదటిసారి.

ఆర్డిస్ గడిని చూసింది. పూర్తిగా ఉంది. ఆమె కావలసినన్ని కాగితాలు అచ్చువేసుకుని, లవాన్ మిగిల్చిన నీలం గుడ్డను సంచిలో సర్దుకుని ఇంటికి వెళ్లింది.

మంచు కరిగి, రోడ్ల పక్కన బురద తేలేదాకా ఆమె కుట్టింది. ఆ నీలం గుడ్డ అమ్మిన దుకాణం ఎప్పుడో మూసేశారు. అందువల్ల ఒక్క ముక్క కూడా వృథా కాకుండా కత్తిరించింది. లవాన్ కుట్టు చిన్నది, కొంచెం కుడికి ఒరుగుతుంది. ఆర్డిస్ తన మిషన్ను దానికి తగ్గట్టు సవరించుకుంది. చివరి చదరం అయ్యేసరికి గుడ్డ కూడా అయిపోయింది.

గురువారం పొద్దున చర్చి కిందిగదిలో, పొడుగు బల్లలు రెండు కలిపి, చదరాలన్నీ పరిచింది. తనవి ఒకచోట చేరకుండా లవాన్ చదరాల మధ్య ఇక్కడొకటి అక్కడొకటి పెట్టింది. బెర్నీస్ వచ్చి ఎదుట నిలబడింది. కిందిగది కుట్టుపనిలో ఆర్డిస్ తరవాత అంత అనుభవం ఆమెదే. నోటి విషయంలో మాత్రం ఆమెదే మొదటి స్థానం.

"నువ్వు కుట్టినవేవి?"

"చెప్పుకో చూద్దాం."

బెర్నీస్ కళ్లు చిట్లించి చూసింది. "దొరకడం లేదు. మహాతల్లివే నువ్వు. దొంగనోట్లు అచ్చువేసి ఉంటే ఈపాటికి ఏ సముద్రం ఒడ్డునో ఇల్లు కట్టేదానివి." అంటూనే పక్కపక్కనున్న రెండు చదరాలను కుట్టడానికన్నట్టు అంచుకు అంచు చేర్చింది. చేర్చి ఆగింది. "ఏమిటే ఇది? ఇది పొట్టిగా ఉంది."

"ఏదీ?"

"ఇదీ. ఆ, అదీ. కుట్టుకు గుడ్డ ఎక్కువ పట్టావా?"

"నేనా?"

"సరే, నువ్వు పట్టవులే. మరి అంగుళం గడి కొలిచావా?"

వాడకుండా మిగిలిన కాగితం ఒకటి సంచిలో ఉంది. ఆర్డిస్ దాన్ని తీసి, బల్ల మీది స్కేలు అందుకుని, గడి మీద పెట్టింది. గీత అంగుళానికి ఒక పిసరు ముందే ఆగిపోయింది. పేజీకి సరిపడేలా అమర్చడమంటే పేజీలో ఉన్నదాన్నంతా కుదించడమే. తెగిన గడిని పూర్తిగా చూడాలని ఆమె చేసిన పనే ఆ గడిని అబద్ధం చేసింది. ఒక్కో చదరం పావంగుళం దాకా తగ్గింది. కొత్తగా కుట్టడానికి నీలం గుడ్డ లేదు.

ఆమె కారణాల వెంట వెనక్కి నడిచింది. చదరం తగ్గింది టిక్కు వల్ల. టిక్కు పెట్టింది అంచు తెగినందువల్ల. అంచు తెగింది సాధారణ రకం వల్ల, దాని అవసరం వచ్చింది తాను ప్రింటర్‌ను జాబితాలోంచి తీసేసినందువల్ల, తీసేసింది పెట్టె మారినందువల్ల. ఇవన్నీ జరిగినా ఫరవాలేదు, ఆ రోజు స్కేలు పెట్టి ఉంటే చాలు. స్కేలు ఎక్కడుంది? లవాన్ బల్ల మీద, చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"దాని మీద కళ్లజోడు ఉంది," అంది ఆర్డిస్.

"ఏ కళ్లజోడు?"

"లవాన్‌ది. స్కేలు మీద పెట్టి వెళ్లింది. అలాగే ఉంది. స్కేలు తియ్యాలంటే దాన్ని కదపాలి."

బెర్నీస్ కుర్చీ లాక్కుని కూర్చుని, పొట్టి చదరాన్ని ఒళ్లో పెట్టుకుని, కొంతసేపు దాని అంచులు నిమిరింది.

"సరే. నాలుగు వైపులా సన్నటి పట్టీ వేద్దాం. ముతక తెల్ల గుడ్డ నా దగ్గర బోలెడుంది. పట్టీ వేసి, లవాన్ చదరాల కొలతకు కత్తిరిస్తే కలిసిపోతుంది."

"కలవదు. ఇవి తెల్ల అంచుతో ఉంటాయి, అవి ఉండవు. ఎవరేది కుట్టారో గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది."

"తెలిస్తే ఏమవుతుందట?"

"పిల్లకు తెలియకూడదనే కదా ఇదంతా."

"నానమ్మ పోయిందని పిల్లకు తెలియదా ఏమిటే?" అంది బెర్నీస్. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "నీకు వేరే దారి కనపడితే చెప్పు. పొడుగు చదరాలను కోసి పొట్టి చేయొచ్చు. లవాన్ కుట్టినవి కోస్తావా?"

ఆర్డిస్ తల అడ్డంగా ఊపింది. వేరే దారి ఆమెకు కనపడలేదు. కోరుకున్న ఒక్కటీ చేజారిందని ఆమెకు తెలుసు. దుఃఖం రావలసిన చోటు అది అని కూడా తెలుసు. రాలేదు. పట్టీలు కత్తిరించడం మొదలుపెట్టింది. ప్రతి పట్టీనీ కొలిచింది.

మే నెల ఆదివారం, చర్చిలో పిల్లలంతా ముందు వరుసలో నిలబడ్డారు. ఓర్విల్ ఒక కొస, ఆర్డిస్ ఒక కొస పట్టుకుని మారెన్ భుజాల మీద బొంత కప్పారు. పిల్ల మెడ దగ్గర రెండంచులూ గట్టిగా పట్టుకుని పాట అయ్యేదాకా నేలకేసి చూస్తూ నిలబడింది.

తరవాత కిందిగదిలో కాఫీ. మారెన్ ఒక మూల కుర్చీలో కూర్చుని బొంతను ఒడిలో పరుచుకుంది. ఆర్డిస్ పక్కన కూర్చుంది, అడగబోయే ప్రశ్న తెలిసినట్టే.

"ఈ తెల్ల పట్టీలవి నువ్వు కుట్టినవి కదూ, ఆర్డిస్ మామ్మా?"

"అవునమ్మా. కొలతలో తప్పు చేశాను. అందుకని పట్టీ."

"నువ్వా? తప్పా?" పిల్ల నవ్వేసింది. "తాతకు చెబితే ఊరంతా చాటేస్తాడు." నవ్వు ఆగాక బొంత మీద వేలు పెట్టింది. "అంటే పట్టీ లేనివన్నీ నానమ్మవే."

"నానమ్మవే."

పిల్ల వేలు ఒక నీలం చదరం నుంచి ఇంకొక దానికి నెమ్మదిగా వెళ్లింది. తెల్ల అంచు తగిలిన చోటల్లా ఆగి, దాన్ని దాటి, అవతల లవాన్ చదరం ఉన్న చోట దిగింది. ఒక్కటీ వదలకుండా తడిమింది. ఆర్డిస్ అనుకున్నట్టు కుట్టి ఉంటే ఆ వేలికి ఎక్కడ ఆగాలో తెలిసేది కాదు.

"వీటిలో చివరిది ఏది, మామ్మా?"

ఆర్డిస్‌కు తెలుసు. సూది గుచ్చి వదిలిన చదరాన్ని మిషను మీంచి తీసింది ఆమే. ఎడమ అంచున, కింది నుంచి మూడోది. చూపించింది. దాని మూల దగ్గర కుట్టు ఎప్పటికంటే కొంచెం ఎక్కువ కుడికి ఒరిగి ఉంది. మారెన్ ఆ మూల మీద అరచెయ్యి ఉంచి కదలకుండా కూర్చుంది.

ఓర్విల్ రెండు కప్పులు పట్టుకుని వచ్చాడు. ఏదో హాస్యమాడబోయే ముఖంతోనే వచ్చాడు గాని, మనవరాలి చెయ్యి ఎక్కడుందో చూసి పక్కన కూర్చుని, ఒక కప్పు అక్కకు అందించాడు.

ఆర్డిస్ చూసుకోకుండా గుక్క తాగింది. కాఫీ పొగలు కక్కుతోంది. నాలుక చుర్రుమని కాలింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఊదుకుని తాగక్కా," అన్నాడు ఓర్విల్.

ఆమె తలూపింది. నీళ్లు మాత్రం ఆగలేదు.