దెబ్బ పడని అరచేయి

బడిపంతులు గోవిందరాజ్ వాద్యార్ బెత్తమంటే అరవనాట కోవిల్‌పట్టి చుట్టుపక్కల నాలుగూళ్ళ పిల్లలకి హడల్. లెక్క తప్పితే నాయుడి కొడుకైనా, రెడ్డి మనవడైనా అరచేయి వాచాల్సిందే. అంత సమదర్శి! ఒక్క వళ్ళియమ్మాళ్ మీద మాత్రం ఆ బెత్తం లేవలేదు. మోటకు తోలుబొక్కెనలు కుట్టే మాడన్ కూతురది. ఆ బొక్కెన తోడిన నీళ్ళతో పండిన మిరపకాయలు వాద్యార్ లొట్టలేస్తూ తినొచ్చుగానీ, బెత్తం ఆ పిల్లకు తగిలితే మైల బెత్తం వెంట పాకి తన చేతికెక్కుతుందని భయం. అందుకే దాన్ని బయట తిన్నె మీద కూర్చోబెట్టాడు. రెండేళ్ళుగా దాని పలకవంక చూడనేలేదు.

ఇంతలో పైనుంచి హుకుం వచ్చిపడింది. బడిలో కులభేదం చూపిన వాద్యార్‌కి ఉద్యోగం ఊడుతుందట! వెనకే విరుదునగరం నుంచి ఇన్స్పెక్టరు దిగాడు. ఆయనా వాద్యార్ లాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. వాద్యార్ ఆ పొద్దున్నే వళ్ళియమ్మాళ్‌ని లోపలికి రమ్మని, అందరి పక్కన కూర్చోబెట్టాడు. తాను మాత్రం మూడు బారల దూరంలో నిలబడ్డాడు.

"మా బడిలో భేదమనే మాటే లేదు దొరా! అందురూ ఒకటే."

"అట్లనా? పిల్లకాయలూ, చేతులు చూపీండి."

ముప్పై అరచేతులు కమిలిపోయి ఉన్నాయి. ముప్పై ఒకటోదాని దగ్గర ఇన్స్పెక్టరు ఆగాడు.

"ఈ పాపకెందుకు దెబ్బ పడలా?"

"అది... తప్పే చెయ్యదు దొరా! సాక్షాత్తూ సరస్వతి!"

"ఏడెనిమిదులెంత పాపా? రాయి."

వళ్ళియమ్మాళ్ పలకమీద రాసింది. యాభైనాలుగు.

అయ్యో, సరస్వతికి ఎక్కం రాదే! ఇన్స్పెక్టరు బెత్తం తెచ్చి వాద్యార్ చేతిలో పెట్టాడు. "ఊఁ, అందురూ ఒకటే గదా."

కొడితే మైల, మానితే ఉద్యోగం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాద్యార్ చివరికి బెత్తాన్ని మోకాలికేసి ఫట్టున విరిచాడు.

"ఈ పొద్దునుంచి ఎవురినీ కొట్టేది లేదు దొరా!"

ఒక్కదాన్ని తాకడం కన్నా ముప్పైమందిని వదిలేయడమే సులువనిపించింది ఆ మహానుభావుడికి. పిల్లలు కేరింతలు కొట్టారు. గండం గడిచిందని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు వళ్ళియమ్మాళ్ లేచింది. దగ్గరికొచ్చి పలక చాపింది.

"కొట్టకుంటే పోనీ సామీ. నా తప్పు దిద్దియ్యండి. ఇన్నాళ్ళూ ఎవురూ దిద్దలా."

ఈ పలకని మోకాలికేసి విరవడం కుదరదే! ఇన్స్పెక్టరు చూస్తూనే ఉన్నాడు. వాద్యార్ అటు చూశాడు, ఇటు చూశాడు. చెయ్యి చాచి పలక అందుకున్నాడు. నాలుగు చెరిపి ఆరు వేశాడు.

రెండేళ్ళ బడిలో ఆ పిల్లకు ఆయన చెప్పిన మొదటి పాఠం అదే.