చేతులు మారే బీడీ

పేగు కోసి ఏడాది దాటింది. మా ఆయన పరమేశ్‌కు నొప్పి లేదు. అన్నం బాగానే తింటున్నాడు, మేం వలసొచ్చిన ఉధ్నాలో కరెంటు మగ్గాల మీద, మా మాటలో సాంచెల మీద, బట్ట నేస్తున్నాడు. అయినా డాక్టరు కెమెరా గొట్టం వేసి చూసి, కోసి అతికించిన చోటే మళ్లీ పుళ్లు లేచాయన్నాడు. చెడ్డ ముక్క తీసి పారేశాక చెడు ఎక్కడి నుంచి వస్తుంది?

క్రోన్స్ జబ్బు అంతేనట. కోతతో మొదలంటా పోదట. చిన్న వయసులో వచ్చినవాళ్లకు, పేగుకు చిల్లు పడ్డవాళ్లకు తిరగబెట్టడం ఎక్కువట. మా ఆయనకు రెండూ ఉన్నాయి. "అవి మన చేతిలో లేవు. పొగ మన చేతిలోదే. బీడీ తాగుతాడా?" అని అడిగాడు డాక్టరు.

ఆపరేషన్ అయిన నాటి నుంచి ముట్టలేదు సాబ్, జేబులు నేనే వెతుకుతాను అని నాకొచ్చిన హిందీలో గయ్యిమన్నాను. పరమేశ్ కూడా తలూపాడు. అబద్ధమాడే మొహం కాదది. కారం మాన్పించాను, మందులు దగ్గరుండి మింగించాను. ఇంకేం తక్కువైందో అంతుబట్టలేదు. ఎవరి పాడు కళ్లు పడ్డాయో అని ఇరుగుపొరుగునంతా మనసులో తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన మందులు మరిచిపోయి డ్యూటీకి పోతే, పట్టుకుని కార్ఖానా గేటుకు పరుగెత్తాను. మా ఆయన సాంచెలనే రాత్రిపూట నడిపే గంగారాం అన్న, డ్యూటీ దిగి బీడీ ముట్టించి, రెండు దమ్ములు లాగి, ఏ సాంచెకు దారం తెగుతోందో చెబుతూ మిగతాది మా ఆయన చేతిలో పెట్టాడు. మా ఆయన చివరిదాకా లాగి పడేశాడు.

"ఏందది?" అన్నాను.

"గంగారాం బావ బీడీ."

"తాగింది నువ్వు గద!"

"నేనెక్కడ తాగిన? డ్యూటీ తీస్కున్న. దిగేటోడు సగం బీడీ ఇస్తెనే ఎక్కేటోనికి సాంచెలు అప్పజెప్పినట్టు. పొద్దుగూకినంక నేను ముట్టిచ్చి బావకిస్త. కట్ట బావ తాననే ఉంటది."

నాకే మతి పోయిందన్నట్టు చూశాడు. కోపం రావలసింది, ఏడుపొచ్చింది. నన్ను మోసం చేసినా బాగుండేది, తిట్టి మాన్పించేదాన్ని.

"బీడీ బందు వెడితె పుండు మానుతదా చెల్లె?" అన్నాడు గంగారాం అన్న, బిక్కమొహం వేసి.

"ఏమో అన్నా. మానుతదని డాక్టర్ గూడ చెప్పలే. తాగితె మాత్రం మళ్ల కోసుడేనట."

గంగారాం అన్న బీడీ కట్ట తీసి గేటు పక్క మురికి మోరీలో పడేశాడు.

మా ఆయన ఆ మోరీ వైపు చూశాడు, బావ వైపు చూశాడు. పేగు గురించి ఒక్క మాట అడగలేదు.

"మరి రేపు సాంచెలు ఎట్ల తీస్కోవాలె బావా?" అన్నాడు. ఆపరేషన్‌కు తీసుకుపోతున్నప్పుడు కూడా ఆయన మొహంలో అంత భయం చూడలేదు నేను.